కడుపులో పుండు, గ్లుటమిన్ పొడి, చింతలనార్ జావ



ఈ ధర్మనిధి నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘కడుపులో పుండ్లపై అమైనో ఆమ్లాల రక్షణ ప్రభావం’. అందులోకి చింతలనార్‌ను తెచ్చింది నేను. దానికి కారణం ఉంది. ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూర్చున్నామో ఆ సర్జన్ గారు గోదావరి ఒడ్డున పనిచేసినంత కాలం పేగుకు చిల్లు పడి వచ్చిన కేసులను వేళాపాళా చూడకుండా కుట్టారు. సరిహద్దు అవతల కుంట, దోర్నపాల్, చింతలనార్ వైపు నుంచి మంచాల మీద మోసుకొచ్చిన వాళ్లు అందులో ఉండేవారు. పొట్ట చెక్కలా బిగుసుకుపోయి, నాడి చేతికి అందకుండా వచ్చేవారు. ఆపరేషన్ అయిపోయి చేతులు కడుక్కుంటూ ఆయన మా జూనియర్లను రెండు ప్రశ్నలు అడిగేవారు. ఈ మనిషి ఇన్నాళ్లూ ఏం తిన్నాడు? ఏ మాత్రలు మింగాడు? కేస్ షీటులో ఈ రెండూ రాయకపోతే ఆయనకు కోపం వచ్చేది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

చింతలనార్ సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండా వెళ్లే దారిలో ఉంటుంది. 2010 ఏప్రిల్ 6న ఆ దగ్గర్లో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయినప్పుడు ఆ పేరు దేశమంతా వినపడింది. అప్పటికి అది దంతెవాడ జిల్లా. సుక్మా 2012లో విడిగా జిల్లా అయింది. మనలో చాలామందికి ఆ ఊరు ఆ ఒక్క వార్తగానే మిగిలిపోయింది. కానీ అక్కడి మనుషులు మనకు కొత్తవాళ్లు కారు. గొత్తికోయలు, దోర్లలు. 2005 తర్వాత సల్వాజుడుం గొడవల్లో ఇళ్లు వదిలి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నది వాళ్లే. ఏటా సంక్రాంతి దాటాక మన మిర్చి తోటల్లో వరుసలు కట్టి కోసేది వాళ్లూ, వాళ్ల బంధువులే. మనం నెల రోజులు వాళ్ల చేతి కష్టం మీద మిర్చి యార్డుకు బస్తాలు తోలుతాం. వాళ్ల కడుపులో మంట సంగతి మాత్రం ఎవరం అడగం.

ఇక కడుపు సంగతి. జీర్ణాశయం లోపల ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మాంసాన్ని అరిగించే ఆ ఆమ్లం తన సొంత గోడను ఎందుకు అరిగించదన్నదే ఈ శాస్త్రంలో మొదటి ప్రశ్న. గోడ మీద జిగురు పొర ఉంటుంది. ఆ జిగురులోకి లోపలి కణాలు బైకార్బొనేట్ వదులుతాయి కాబట్టి, పైన ఎంత ఆమ్లం ఉన్నా కణాల ఒంటికి దాదాపు తగలదు. ఆ కణాలు కూడా నాలుగైదు రోజులకు మించి బతకవు. కొత్తవి పుట్టి వాటి జాగా తీసుకుంటూ ఉంటాయి. దీనికంతటికీ రక్తం బాగా పారుతూ ఉండాలి, ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు ఎప్పటికప్పుడు ఆజ్ఞలిస్తూ ఉండాలి. దాడి చేసేది బలపడినా, కాచేది బలహీనపడినా పుండు పడుతుంది.

వైద్యలోకం చాలాకాలం దాడి వైపే చూసింది. ఆమ్లం లేనిదే పుండు లేదని 1910లో కార్ల్ ష్వార్జ్ అన్న మాట డెబ్బై ఏళ్లు రాజ్యమేలింది. ఆమ్లాన్ని తగ్గించడానికి వేగస్ నాడిని కోశారు, కడుపులో సగం తీసేశారు. 1976లో సిమెటిడిన్, తర్వాత పదేళ్లు దాటాక ఒమెప్రజోల్ వచ్చాయి. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తెచ్చిన ఒమెజ్ ఊరూరి మందుల షాపుకూ చేరింది. ఈ మందులతో పుండు మానేది, ఆపేస్తే మళ్లీ వచ్చేది. ఎందుకో 1980ల్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ తేల్చారు. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే క్రిమి. మార్షల్ 1984లో ఆ క్రిమిని తనే తాగి జబ్బు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. ఈ కథ మీ అందరికీ తెలిసిందే, ఇక్కడ ఆగను.

కాచే వైపు కథ అంత ప్రసిద్ధం కాలేదు. అది క్యాబేజీతో మొదలైంది. 1949లో కాలిఫోర్నియాలో గార్నెట్ చీనీ అనే వైద్యుడు 13 మంది అల్సర్ రోగులకు రోజూ దాదాపు లీటరు పచ్చి క్యాబేజీ రసం తాగించాడు. చిన్నపేగు మొదట్లో పుండు ఉన్నవాళ్లకు సగటున పది రోజుల్లో మానిందని, మామూలు వైద్యంలో 37 రోజులు పట్టేదని రాశాడు. ఆ రసంలో ఏదో కొత్త విటమిన్ ఉందనుకుని దానికి ‘విటమిన్ యు’ అని పేరు పెట్టాడు. అది విటమిన్ కాదు. మిథియోనిన్ అనే అమైనో ఆమ్లానికి ఇంకో మిథైల్ గుంపు చేరిన పదార్థమని తర్వాత తేలింది. జపాన్‌లో 1960 నుంచి దాన్ని కడుపు మాత్రగా అమ్ముతున్నారు. 1957లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో విలియం షైవ్ బృందం అదే క్యాబేజీ రసంలో గ్లుటమిన్ కూడా ఉందని గుర్తించి, కొద్దిమంది రోగులకు దాన్ని విడిగా ఇచ్చి చూసి, పుండ్లు మానుతున్నాయని ప్రకటించింది. దాన్ని ఇంకో మందుతో కలిపిన గుళికలను కూడా జపాన్ వైద్యులు గ్యాస్ట్రైటిస్‌కు రాస్తూ వచ్చారు.

గ్లుటమిన్ ఎందుకు పని చేయాలి? మన రక్తంలో విడిగా తిరిగే అమైనో ఆమ్లాల్లో అన్నిటికంటే ఎక్కువ ఉండేది అదే. పేగు గోడ కణాలు రక్తంలోని గ్లుటమిన్‌ను పట్టుకుని ఇంధనంగా కాలుస్తాయని 1974లో విండ్‌ముల్లర్, స్పేత్ ఎలుకల్లో చూపించారు. నాలుగైదు రోజులకోసారి మారే కణాలకు కొత్త డీఎన్‌ఏ కావాలి, జిగురుకు చక్కెర గొలుసులు కావాలి, విషాలను విరిచే గ్లుటథయోన్ కావాలి. ఈ మూడింటికీ సరుకు గ్లుటమిన్ నుంచే వస్తుంది. ఇంకో సంగతి నాకు మరీ ఆసక్తిగా అనిపిస్తుంది. హెలికోబ్యాక్టర్ క్రిమి దగ్గర ఒక ఎంజైము ఉంది. దానితో అది మన కణాల పక్కనున్న గ్లుటమిన్‌ను, గ్లుటథయోన్‌ను విరగ్గొట్టి గ్లుటమేటుగా మార్చి తను తినేస్తుంది. కాపలా కణానికి తిండి లేకుండా పోవడమే కాదు, విరిచినప్పుడు పుట్టిన అమోనియా కూడా దాని మీదే పడుతుంది. బోస్టన్‌లో సూసన్ హేగన్ బృందం ఈ క్రిమి సోకిన ఎలుకలకు గ్లుటమిన్ ఎక్కువ కలిపిన మేత పెట్టింది. మొదట్లో వాపు పెరిగినా, వారాలు గడిచేకొద్దీ మామూలు మేత తిన్న వాటి కంటే కడుపు గోడ తక్కువ చెడింది. ఆ ఫలితం 2009లో వచ్చింది.

మనుషుల మీద గట్టి సాక్ష్యం ఉన్నది వీటికి దగ్గరి చుట్టమైన జింక్ కార్నోసిన్‌కు. హిస్టిడిన్, బీటా అలనిన్ అనే రెండు అమైనో ఆమ్లాలు కలిస్తే కార్నోసిన్. దాన్ని జింకుతో కట్టిన మందును జపాన్ 1994 నుంచి అల్సర్‌కు వాడుతోంది. లండన్‌లో ప్లేఫోర్డ్ బృందం 2007లో ఆరోగ్యవంతులైన పదిమందికి ఐదు రోజులు ఇండోమెథసిన్ అనే నొప్పి మాత్ర ఇచ్చి చూసింది. పేగు గోడ మూడింతలు కారడం మొదలైంది. అదే మాత్రతో పాటు జింక్ కార్నోసిన్ ఇచ్చినప్పుడు ఆ కారడం పెరగలేదు. పదిమందే కావచ్చు, కానీ ప్రతి మనిషినీ రెండు విధాలుగా పరీక్షించిన పద్ధతి అది. నేను దానికి విలువ ఇస్తాను.

కాబట్టి నాకిచ్చిన అంశానికి సూటిగా జవాబు చెబుతాను. అవును, అమైనో ఆమ్లాలకు కడుపు పొరను కాచే గుణం ఉంది. ఇది పుక్కిటి పురాణం కాదు. కానీ విద్యార్థులు ఒక్కటి గమనించాలి. ఈ అంశం మీద వచ్చే పరిశోధన పత్రాల్లో ఎక్కువ భాగం ఎలుకలవి. ఎలుకకు ముందు వారం గ్లైసిన్‌నో, ఆర్జినిన్‌నో, గ్లుటమిన్‌నో ఇస్తారు. తర్వాత ఆల్కహాలో, ఆస్పిరినో పోస్తారు, లేదా నీళ్లలో కట్టి ఉంచుతారు. కడుపు కోసి ఎర్ర గీతలు లెక్కపెడతారు. మందు తిన్న ఎలుకకు గీతలు తగ్గుతాయి. ఆ గీతలు ఊరికే వదిలేసినా రెండు మూడు రోజుల్లో మానిపోయేవి. చింతలనార్ మనిషి కడుపులో పుండు ఏళ్ల నాటిది, దాని కింద క్రిమి కూర్చుని ఉంది. దెబ్బకు ముందు ఇచ్చే రక్షణ వేరు, పుండును మాన్పడం వేరు. ఈ రెంటినీ కలిపేసి డబ్బా మీద ‘అల్సర్‌ను నయం చేస్తుంది’ అని అచ్చు వేసేవాళ్లను నేను క్షమించలేను.

గ్లుటమిన్ ఎంత తీసుకున్నా మంచిదే కదా అని కూడా అనుకోకండి. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన పెద్ద ప్రయోగంలో, అవయవాలు పాడై ఐసీయూలో ఉన్న 1,223 మంది రోగుల్లో కొందరికి ఎక్కువ మోతాదులో గ్లుటమిన్ ఇచ్చారు. ఇచ్చినవాళ్లలో మరణాలు పెరిగాయి. జిమ్‌కు వెళ్లే కుర్రాడు చెంచాడు పొడి కలుపుకోవడం వేరు, లివర్ గానీ కిడ్నీలు గానీ చెడిన మనిషికి మన చేత్తో రాసివ్వడం వేరు.

తిండి గురించి మన దేశంలోనే జరిగిన పని ఒకటుంది. దాన్ని మనం మరిచిపోయాం. రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరుల్లోని కూనూరులో 1920లు, 30ల్లో ఎలుకలకు మన దేశపు వేర్వేరు ప్రాంతాల తిండి పెట్టి చూశాడు. పంజాబు సిక్కుల తిండి, అంటే రొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చికూరలు తిన్న ఎలుకలకు కడుపు పుండ్లు పడలేదు. మద్రాసు పేదల తిండి తిన్నవాటిలో కొన్నిటికి పడ్డాయి. కర్రపెండలం ఎక్కువగా ఉన్న తిరువాన్కూరు పేదల తిండి తిన్నవాటికి అంతకంటే ఎక్కువ పడ్డాయి. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. మైసూరు హోల్డ్‌స్‌వర్త్ ఆసుపత్రిలో సర్జన్‌గా పనిచేసిన ఫ్రాంక్ టోవీ అదే ప్రశ్న పట్టుకుని దేశమంతా అల్సర్ లెక్కలు సేకరించి 1979లో ప్రచురించాడు. వరి తినే దక్షిణాదిలో ఎక్కువ, గోధుమ తినే పంజాబ్ వైపు తక్కువ. క్రిమి రెండు చోట్లా ఉంది. మరి తేడా ఎక్కడ? టోవీ, ఆయనతో పనిచేసిన జయరాజ్ రకరకాల గింజలు, పప్పులు ఎలుకలకు పెట్టి వెతికారు. కడుపు పొరను కాచిన వాటిలో మన ఉలవలు ఉన్నాయి.

ఇక్కడ నా అంశానికే అడ్డం వచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఉలవల్లో ఆ కాచే గుణం మాంసకృత్తుల్లో దొరకలేదు. గింజలోని కొవ్వు భాగంలో, అందులోని ఫాస్ఫోలిపిడ్లు, స్టెరాల్స్‌లో దొరికింది. అమైనో ఆమ్లాల వక్తగా నాకిది ఇబ్బందే, కానీ నాకు నచ్చిన ఫలితం కూడా ఇదే. వంద గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. పేగు కణాలకు కావలసిన అమైనో ఆమ్లాలు అందులోంచి వస్తాయి. జిగురు పొరకు పనికొచ్చే కొవ్వు ఆ గింజలోంచే వస్తుంది. గ్లుటమిన్ డబ్బాలో ఉన్నది ఒక్క గ్లుటమినే. ఆ డబ్బా కొనాలంటే మిర్చి కోసే మనిషి ఎన్నో రోజుల కూలి పెట్టాలి. ఉలవలు వాళ్ల మెట్ట చేలల్లోనే పండుతాయి.

వాళ్ల తిండి దగ్గరగా చూసినవాళ్లకు ఒకటి తెలుస్తుంది. తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా చాలా ఇళ్లలో నడిపేది జావ. చోళ్ల పిండో, నూకలో పులియబెట్టి పలచగా కాచి, ఆనపకాయ బుర్రలో పోసుకుని చేనికి తీసుకుపోతారు. దప్పికకూ అదే, ఆకలికీ అదే. సామలు, వరి, చింతపండు, ఇప్పపువ్వు, అడవి ఆకుకూరలు, చెట్ల మీది ఎర్ర చీమలను మిరపకాయతో నూరిన పచ్చడి, జీలుగ కల్లు. ఇది చెడ్డ తిండి కాదు. ఇప్పటి పోషకాహార నిపుణులు దీన్ని మెచ్చుకుంటారు కూడా. లోటు పరిమాణంలో ఉంది. వానాకాలంలో గాదెలు అడుగంటినప్పుడు జావలో నీళ్లు పెరుగుతాయి, పప్పు మాయమవుతుంది. మిర్చి కోతలకు వచ్చినప్పుడు మేస్త్రీ ఇచ్చిన బియ్యం, చారు నీళ్లే రెండు పూటలా. కడుపు పొర నాలుగైదు రోజులకోసారి కొత్తగా కట్టుకోవడానికి కావలసిన సరుకు ఆ నెలల్లోనే తగ్గిపోతుంది.

కారం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తెలుగువాడికి కడుపులో మంట అంటే చాలు, డాక్టరు గారు పెన్ను తీసేలోపే ‘కారం మానేయండి’ అంటారు. 1988లో డేవిడ్ గ్రాహం బృందం అమెరికాలో 12 మందికి ఎండోస్కోపీ చేసి చూసింది. కారం బాగా దట్టించిన భోజనం పెట్టారు, పచ్చిమిర్చి నేరుగా కడుపులో వేశారు. గోడకు కంటికి కనిపించే దెబ్బ ఏమీ తగల్లేదు. ఆస్పిరిన్ ఇచ్చినప్పుడు దాదాపు అందరికీ గోడ కోసుకుపోయింది. సింగపూర్‌లో 1995లో వచ్చిన ఒక అధ్యయనంలో మిర్చి ఎక్కువ తినేవాళ్లలోనే అల్సర్లు తక్కువ కనిపించాయి. ఉన్న పుండు మీద కారం పడితే మండుతుంది, నిజమే. కానీ పుండు పడింది కారంతో కాదు. పేదవాడి జావకు రుచి తెచ్చే ఒక్క మిరపకాయనూ లాగేసి పంపిస్తే, అతను జావ కూడా సగమే తాగుతాడు.

సర్జన్ గారి రెండో ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఏ మాత్రలు మింగాడు? మిర్చి తోటలో రోజంతా వంగి కోసేవాళ్లకు నడుము పట్టేస్తుంది, వేళ్లు మండుతాయి. సాయంత్రం మేస్త్రీ మోటార్ సైకిల్ మీద ఆర్‌ఎంపీ డాక్టర్ని తీసుకొస్తాడు. డైక్లోఫెనాక్ సూది, ఒక కాగితం పొట్లం. ఆ పొట్లాలు నేను విప్పి చూశాను. అట్టల్లోంచి కత్తిరించిన నాలుగు రంగుల మాత్రలు, వెనక పేరు సగమే ఉంటుంది. ఒకటి నొప్పిది, ఒకటి స్టెరాయిడ్, ఒకటి విటమిన్, ఇంకొకటి ఏమిటో ఇచ్చినవాడే చెప్పాలి. సంతలో కూడా ఇవే పొట్లాలు. తెల్లారే పనిలోకి పోవాలి కాబట్టి ఖాళీ కడుపున మింగుతారు. నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి పని చేస్తాయని 1971లో జాన్ వేన్ కనిపెట్టాడు. కడుపు పొరను కాచేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. లోపల క్రిమి, పైన డైక్లోఫెనాక్, మధ్యలో సరిగ్గా తినని పొర. చిల్లు పడటానికి ఇంకేం కావాలి? నల్లగా తారులా విరేచనం అవుతోందని ఇంట్లో చెబితే, ఇప్ప సారా ఎక్కువైందంటారు. ఆ మనిషి మంచం ఎక్కి మన దగ్గరకు వచ్చేసరికి రాత్రవుతుంది.

ఇప్పుడు గ్లుటమిన్ ఎక్కడ నిలబడుతుంది? నా ఉద్దేశంలో మూడో స్థానంలో. ముందు క్రిమిని చంపాలి, తర్వాత నొప్పి మాత్రను ఆపాలి. ఆపలేకపోతే దానితోపాటు ఒమెప్రజోల్ లాంటిది ఇవ్వాలి. ఆ తర్వాత పొర కట్టుకోవడానికి తిండి. ఆ తిండిలో ఉలవలు, గుడ్లు, చేపలు. జపాన్‌లోలాగా మాత్ర రూపంలో అమైనో ఆమ్లం కూడా తోడుగా ఇవ్వగలిగితే మంచిదే, నాకు అభ్యంతరం లేదు. అది ముందుకొచ్చి మొదటి రెండింటినీ వెనక్కి నెట్టేస్తేనే నాకు భయం. కడుపులో మంటతో వచ్చిన గిరిజనుడి చేతిలో ప్రోటీన్ డబ్బా పెట్టి పంపిన చీటీలు నేను చూశాను. అది రాసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. ప్రచారం వాళ్ల దాకా వచ్చింది, పరీక్ష మాత్రం రాలేదు.

ఆ పరీక్ష ఏమంత కష్టమైనది కాదు. చింతలనార్‌లో ఎండోస్కోపీ లేదు, ఉండాల్సిన అవసరం కూడా ఈ పనికి లేదు. మలంలో హెలికోబ్యాక్టర్ యాంటిజెన్ చూసే పరీక్ష ఉంది. కార్డు మీద గీత పడితే క్రిమి ఉన్నట్టు. అంతకుముందు రెండు వారాలు ఒమెప్రజోల్, నాలుగు వారాలు యాంటీబయోటిక్ వాడి ఉండకూడదు, అంతే. 2020 జనవరిలో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి జ్వరం లేనివాళ్లకు కూడా వేలు గుచ్చి చూశారు, మలేరియా క్రిమి ఉంటే అక్కడికక్కడే మందు మింగించారు. వాగులు దాటి, కొండలెక్కి చేశారు. ఆ దారిలో నడవడం మన వ్యవస్థకు చేతనవునని అప్పుడే రుజువైంది. తైవాన్‌కు చెందిన మాత్సు దీవుల్లో 2004 నుంచి ఊరందరికీ హెలికోబ్యాక్టర్ పరీక్ష చేసి మందు ఇస్తూ వచ్చారు. క్రిమి ఉన్నవాళ్లు 64 శాతం నుంచి 15 శాతానికి దిగారు. కడుపు క్యాన్సర్ సగానికి పైగా తగ్గింది.

మందు వాడకంలో ఒక చిక్కు ఉంది. బిస్మత్, ఒమెప్రజోల్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ కలిపి పద్నాలుగు రోజులు మింగాలి. రోజుకు డజను దాటే మాత్రలు. మెట్రోనిడజోల్ వాడుతున్నన్నాళ్లూ కల్లు, సారా ముట్టకూడదు. అడవిలో చెల్లాచెదురుగా ఉన్న గుడిసెల్లో ఇన్ని రోజులు ఒక మనిషిని కనిపెట్టుకుని మింగించడం కష్టం. కానీ మిర్చి కోతల కాలంలో అదే మనుషులు ఒకే తోట పక్కన, ఒకే చోట, వారాల తరబడి ఉంటారు. పొద్దున్నే లెక్క చూసే మేస్త్రీకి ప్రతి ఒక్కరి పేరూ తెలుసు. కోతలు మొదలైన మొదటి వారంలో పరీక్ష చేస్తే, గుడారాలు ఎత్తేలోపు మందు కోర్సు పూర్తి చేయించవచ్చు.

అందుకే నిధి నిర్వాహకులకు ఈ వేదిక మీది నుంచే ఒక మనవి చేస్తున్నాను. వక్తకు ఇచ్చే గౌరవ వేతనం నాకు వద్దు. ఈ ఏటి వడ్డీలో దాన్ని కలిపి యాంటిజెన్ కార్డులు, పద్నాలుగు రోజుల మందుల పొట్లాలు కొనండి. ఆ పొట్లాల మీద ఏ మాత్ర ఏమిటో తెలుగులోనూ, కోయ మాటల్లోనూ స్పష్టంగా అచ్చు వేయించండి. వచ్చే జనవరిలో మిర్చి కోతలు మొదలయ్యే నాటికి, ఈ హాల్లో ఉన్న హౌస్ సర్జన్లలో ఎవరెవరు ఆ తోటలకు రాగలరో వాళ్లు సభ ముగిశాక నా దగ్గరకు వచ్చి పేర్లు రాయించండి. పరీక్ష చేసిన ప్రతి మనిషి కాగితం మీదా రెండు గళ్లు ఉంటాయి. ఏం తిన్నారు, ఏ మాత్రలు మింగారు. ఆ రెండూ ఖాళీ వదలకండి.